ఫియట్‌కి కార్బ్యురేటరే ఉంచాలా, ఇంజెక్షన్ పెట్టించాలా? తేల్చుకోలేకపోతున్నా

నాన్నగారి_పద్మిని (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని (మా ఇంట్లో ఇప్పటికీ ఫియట్ అనే అంటాం) రెండేళ్ల కిందట తెనాలి నుంచి హైదరాబాద్ తెచ్చుకున్నాను. తుప్పు కోయించి రేకులు వేయించడం, పెయింటు, సీట్లు, వైరింగు, దొంగల భయానికి తాళం ఉన్న పెట్రోలు మూత, ఇంజను రీబోరు, అన్నీ అయ్యాయి. రీబోరు తర్వాత 4 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. చూసిన ప్రతివాడూ ఫొటో తీసుకుంటాడు. తోలేవాడి బాధ వేరు.

పొద్దున్నే స్టార్ట్ అవదు. చోక్ లాగి, యాక్సిలరేటర్ తొక్కి తొక్కి సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ నీరసపడిపోతుంది గానీ ఇంజను అందుకోదు. అందుకున్నాక కూడా స్లోలో నిలవదు, సిగ్నల్ దగ్గర ఓ కాలు బ్రేకు మీదా ఓ కాలు యాక్సిలరేటర్ మీదా. దీనికన్నా పెద్ద తలనొప్పి హైవే మీద. విజయవాడ రోడ్డెక్కిన గంటన్నరకి పెట్రోలు అయిపోయినట్టు జావగారిపోయి ఆగిపోతుంది. ఎవరో చెప్తే పంపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగుతున్నా, అప్పుడు ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పోయిన మే నెలలో అమ్మని, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తుంటే సూర్యాపేట దాటాక రెండుసార్లు ఆగింది. అమ్మ ఏమీ అనలేదు, విసనకర్ర మాత్రం ఇంకాస్త గట్టిగా ఊపింది. మైలేజీ లీటరుకి 9.

ఇక్కడ ఒక కుర్ర మెకానిక్ ఏమంటాడంటే, కార్బ్ (కార్బ్యురేటర్, గాలిలో పెట్రోలు కలిపేది) తీసి అవతల పారేద్దాం సార్, ఇంజెక్షన్‌కి థ్రాటిల్ బాడీ, ఈసీయూ (పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్కగట్టే చిన్న కంప్యూటరు), సెన్సార్లు, ట్యాంకులో పంపు పెట్టేస్తా, తాళం తిప్పితే కొత్త కారులా లేస్తుంది అని. లక్షా ఇరవై వేలు, పది రోజులు. మా బావగారేమో పాత బండిలో అవన్నీ ఎందుకయ్యా అంటారు. డాష్‌బోర్డు అరలో నాన్న పెట్టుకున్న చిన్న స్క్రూడ్రైవరు, మడిచిన గరుకు కాగితం ముక్క ఇంకా అలాగే ఉన్నాయి. ఆయన ఆ రెండిటితోనే ఇరవై ఏళ్లు తోలారు, నాకేమో లక్షా ఇరవై వేలు కావాల్సి వస్తోంది. పెట్టించినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

బాబూ, ముందు ఒక్క మాట. స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యండి. మీ బండిలో సోలెక్స్ 32 పీబీఐసీ ఉంటుంది, పాతది మార్చకపోతే. అందులో మనం చోక్ అని లాగేది అసలు చోక్ కాదు. మిగతా కార్బ్‌లలోలాగా నోటికి అడ్డంపడే రేకు అందులో ఉండదు. పక్కన స్టార్టర్ అని వేరే చిన్న ఏర్పాటు ఉంటుంది, దానికి సొంత జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం), సొంత గాలి దారి. నాబ్ లాగితే ఆ దారి తెరుచుకుంటుంది, కింద థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) మూసి ఉంటేనే ఇంజను పీల్పు దాని మీద పడి చిక్కటి పెట్రోలు లాక్కుంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కారా, థ్రాటిల్ తెరుచుకుంటుంది, పీల్పు పోతుంది, స్టార్టర్ నుంచి చుక్క రాదు. పైగా తొక్కినప్పుడల్లా యాక్సిలరేటర్ పంపు లోపలికి పెట్రోలు చిమ్మి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. అంటే స్టార్ట్ కాకుండా ఉండటానికి ఏమేం చెయ్యాలో అన్నీ చేస్తున్నారు! రేపు పొద్దున నాబ్ పూర్తిగా లాగి, కాలు కింద పెట్టుకుని, సెల్ఫ్ కొట్టి చూడండి.

స్లోలో నిలవకపోవడం అంటే నా అనుమానం థ్రాటిల్ స్పిండిలు (ఆ రేకు తిరిగే కడ్డీ) మీద. నలభై ఏళ్లు తిరిగి తిరిగి అది కూర్చునే చోటు కోలగా అరిగి ఉంటుంది. వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి, టకటక ఆడితే ఆ సందులోంచి దొంగగాలి పోతున్నట్టే. ఇంజను స్లోలో ఉండగా ఆ సందు దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి (పొగ గొట్టం వైపు పడకుండా, నిప్పుతో ఆటలొద్దు). కొట్టగానే ఇంజను చప్పుడు మారితే తేలిపోయింది. దానికి స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు, అరిగిన చోట బుష్షు (చిన్న లోహపు గొట్టం) వేయించాలి. ఇంజను రీబోరు చేయించినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది పాత కార్బ్‌ని పెట్రోల్లో కడిగి మళ్లీ అదే బిగిస్తారు, ఇది మాత్రం నాకు ఇన్నేళ్లయినా అర్థం కాదు.

హైవే మీద ఆగినప్పుడు ఈసారి గుడ్డ తడపకముందే ఒక పని చెయ్యండి. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బ్ నోట్లోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ లాగండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మితే ఫ్లోటు గిన్నెలో (కార్బ్‌లో పెట్రోలు నిలవుండే చోట) పెట్రోలు ఉన్నట్టు. అప్పుడు తప్పు కరెంటుది, ప్లగ్గులకి కరెంటు అందించే కాయిలు గానీ కండెన్సరు గానీ వేడెక్కి చేతులెత్తేస్తోంది. ఏమీ చిమ్మకపోతే పెట్రోలు రావట్లేదు. కాయిలు వేడెక్కి ఆగినా సరిగ్గా ఇరవై నిమిషాలకే స్టార్ట్ అవుతుంది, జనం తడిగుడ్డ మహిమ అనుకుంటారు.

ఇవేమీ చూడకుండా లక్ష రూపాయల మాట ఎత్తిన మెకానిక్ దగ్గర కొంచెం జాగ్రత్త.

ముస్టాంగ్_మావయ్య (ఆస్టిన్, టెక్సస్)

పాతకాపు గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఇంజెక్షన్ పేరు వినగానే అందరూ మీద పడటం నాకు నచ్చదు. నా దగ్గర 1966 ముస్టాంగ్ ఉంది, 289 ఇంజను, అంటే 4.7 లీటర్లు. ఐదేళ్లు కార్బ్‌తో తోలాను, మూడేళ్లుగా థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌తో. మళ్లీ వెనక్కి వెళ్లను.

ఏం బాగుపడింది అంటే, పొద్దున స్టార్టింగు సరే, అంతకన్నా వాసన. మాకు గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది, కార్బ్ ఉన్నన్నాళ్లూ వంటింట్లోకి పెట్రోలు కంపు, మా ఆవిడ నన్నూ కారునీ కలిపి బయట పడుకోమనేది. ఇంకోటి కొండలు. కొలరాడోలో మోనార్క్ పాస్ 11 వేల అడుగుల పైన ఉంటుంది. అంత ఎత్తులో గాలి పలచబడుతుంది, కార్బ్ మాత్రం ఆ లెక్కన పెట్రోలు తగ్గించదు, నల్లపొగ కక్కుతూ దగ్గుతూ ఎక్కాను ఓసారి. ఇంజెక్షన్ పెట్టాక అదే కొండ మాట్లాడుకుంటూ ఎక్కాం. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది, అది చూసి ఈసీయూ ఎప్పటికప్పుడు దిద్దుకుంటుంది.

ఏం ఏడిపించింది అంటే, రెండు వారాంతాల పని అనుకున్నది రెండు నెలలు పట్టింది. పెట్టె మీద రాసినదానికీ మన ఒళ్లు నొప్పులకీ సంబంధం ఉండదు. పాత పంపు ఇచ్చే ఒత్తిడి 4, 5 పీఎస్ఐ, దీనికి కావాల్సింది 58. కాబట్టి ట్యాంకులో పంపు, కొత్త లైన్లు, మిగిలిన పెట్రోలు వెనక్కి పోయే ఇంకో లైను. పాత రబ్బరు గొట్టం ఒక్క ముక్క మిగిల్చినా అగ్గిపుల్లే. అంతా అయ్యాక సిగ్నల్ దగ్గర హఠాత్తుగా చచ్చిపోయేది. ల్యాప్‌టాప్ పెట్టి నెల రోజులు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, ఈసీయూ కరెంటు నేను ఫ్యూజు బాక్సు నుంచి తీశాను, హెడ్‌లైట్లు, ఫ్యాను కలిసి పడినప్పుడు వోల్టేజీ పడిపోయి అది మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. నేరుగా బ్యాటరీ నుంచి తీశాక ఈరోజు వరకూ కిక్కురుమనలేదు.

సరదాకి ఒక సంగతి. 1958 మోడల్ క్రైస్లర్ కార్లు కొన్నిటికి బెండిక్స్ వాళ్ల ఎలక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టి అమ్మారు. అది మొరాయిస్తే దాదాపు అన్నిటికీ తర్వాత అది పీకేసి కార్బ్యురేటర్లు బిగించారు. మనం ఇప్పుడు చేస్తున్నదానికి సరిగ్గా తిరగేసి.

తమ్ముడూ, మీ బండిలో బ్యాటరీని చార్జ్ చేసేది డైనమోనా, ఆల్టర్నేటరా? అది చెప్పండి ముందు.

నాన్నగారి_పద్మిని

డైనమోనే అన్నా. స్లోలో ఉంటే చార్జింగ్ లైటు మినుకు మినుకుమంటుంది.

ముస్టాంగ్_మావయ్య

అయితే లక్షా ఇరవైలో ఆల్టర్నేటర్ ఉందో లేదో అడగండి. పంపు, ఇంజెక్టరు, ఈసీయూ మూడూ స్లోలో కూడా తింటూనే ఉంటాయి, స్లోలో డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. రాత్రిపూట వానలో వైపర్లు, లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే బ్యాటరీ ఖాళీ, ఆ తర్వాత తోసినా స్టార్ట్ కాదు. కార్బ్ బండి అయితే కనీసం తోస్తే పోతుంది.

డీజిల్_దొర

అంబాసిడర్ డీజిల్ కొనుక్కోండి. కార్బూ లేదు, ఇంజెక్షనుకి ఈసీయూ లేదు. మాట్లాడుకోవడానికి మాత్రం వీలుండదు లోపల.

అంబీ_గోదావరి (రాజమండ్రి)

డీజిల్ దొరగారూ, మీరు మాట్లాడుతూనే ఉండండి, మాకేం వినపడట్లేదు.

నాది 1972 అంబాసిడర్ మార్క్ 2, 1489 సీసీ, ఎస్‌యూ కార్బ్. నేను కూడా మూడేళ్ల కిందట ఇంజెక్షన్ పిచ్చిలో పడి తిరిగాను. నా ఇంజనుతో ఒక చిక్కుంది. ఆ పాత బీఎంసీ (బ్రిటిష్ కార్ల కంపెనీ) హెడ్‌లో, అంటే సిలిండర్ల మీది భాగంలో, నాలుగు సిలిండర్లకీ కలిపి రెండే ఇన్‌లెట్ ద్వారాలు, పక్కపక్క సిలిండర్లు ఒకే ద్వారంలోంచి పీల్చుకోవాలి. ద్వారానికో ఇంజెక్టరు పెడితే ముందు పీల్చినవాడు రెండోవాడి వాటా కూడా లాగేస్తాడు, ఒక సిలిండరు చిక్కగా, ఇంకోటి పలచగా. బ్రిటన్‌లో మినీ కారుకీ ఇదే రకం హెడ్. 1990ల మొదట్లో దానికి ఒకే ఇంజెక్టరు పెట్టారు, రెండు ఇంజెక్టర్లది 1996లో గానీ రాలేదు. కంపెనీకే అన్నేళ్లు పట్టినదాన్ని మా ఊళ్లో షెడ్డులో చేయిస్తానని తిరిగిన నన్ను నేనే తిట్టుకుని మానేశాను. మీది ఫియట్ హెడ్ కాబట్టి నా గోల మీకు అక్కర్లేదు. మీ మెకానిక్ ఏ ఇంజనుకి ఇంతకుముందు చేశాడో మాత్రం అడగండి, చేసిన బండి ఒకటి చూపించమనండి, అదీ మధ్యాహ్నం మూడింటికి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు.

నేను మానేయడానికి ఇంకో కారణం కాగితాలు. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది కదా, 50 ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, ఫీజు 20 వేలు, నంబరులో వీఏ అని వస్తుంది. నా బండికి ఆ వయసు వచ్చేసింది, ఇప్పుడు చేతులారా మార్చి పాడు చేసుకోవడం ఎందుకని. మీది 2034కి గానీ రాదు, కానీ ఏం పీకినా పాత కార్బ్, పంపు, ఫిల్టరు డబ్బా అన్నీ నూనె రాసి అట్టపెట్టెలో దాచండి. చాలామంది మెకానిక్‌కే వదిలేస్తారు, ఆ తర్వాత అవి పాత సామాన్లకి పోతాయి.

అసలు సంగతికి వస్తా. మీ పోస్టులో ఒక ముక్క అందరూ దాటేశారు. తాళం ఉన్న పెట్రోలు మూత కొత్తది వేయించా అన్నారు. దానికి గాలి రంధ్రం ఉందా? పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, మూతలోంచి గానీ ట్యాంకు మీది సన్న గొట్టంలోంచి గానీ. ఆ దారి మూసుకుపోతే ట్యాంకులో శూన్యం పెరుగుతూ పోతుంది, ముందున్న పంపు ఎంత లాగినా రాదు, పైగా అలా లాగుడు పడిన పెట్రోలు లైనులో మామూలుకన్నా తొందరగా ఆవిరవుతుంది. ఎండాకాలం గంటన్నర తోలితే సరిగ్గా మీరు చెప్పినట్టే ఆగుతుంది. ఇరవై నిమిషాల్లో ఎక్కడో సందులోంచి మెల్లగా గాలి చేరి మళ్లీ నడుస్తుంది. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగితే తెలియదు. ఈసారి ఆగగానే బానెట్ జోలికి పోకుండా వెనక్కి వెళ్లి మూత తీసి చెవి పెట్టండి.

ఆటోనగర్_పాతకాపు

గోదావరి గారు భలే పట్టుకున్నారు. నేను మూత ముక్క చదవనే లేదు, పెయింటు పక్కన రాస్తే పెయింటనుకుని దాటేశాను.

నాన్నగారి_పద్మిని

పొద్దున కాలు తీసి స్టార్ట్ చేశాను. రెండో కొట్టుకి అందుకుంది. రెండేళ్లు! ఎవరికీ చెప్పకండి. మూత సంగతి ఆదివారం చూస్తా.

నాన్నగారి_పద్మిని (తొమ్మిది రోజుల తర్వాత)

ఆదివారం చౌటుప్పల్ దాటి నకిరేకల్ దాకా వెళ్లాను, ఆగడం కోసమే. ఎప్పుడూ ఆగకూడదని మొక్కుకునేవాణ్ణి, ఆరోజు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూశా. ఆగింది. మూత తాళం తిప్పగానే బుస్సుమని కనీసం మూడు నాలుగు సెకన్లు గాలి లోపలికి పీల్చుకుంది, పక్కన టీ కొట్టువాడు కూడా తిరిగి చూశాడు. మూత మళ్లీ పెట్టకుండా సెల్ఫ్ కొడితే కాసేపటికే లేచింది. తడిగుడ్డ లేదు, ఇరవై నిమిషాలు లేవు.

ఇంటికొచ్చి చూస్తే మూతకి రంధ్రం లేదు, సరే, అది నేను కొన్నదే. ట్యాంకు మీద నుంచి సన్న గొట్టం ఒకటి కిందకి దిగింది, దాని మూతికి పెయింటర్లు మాస్కింగ్ టేపు చుట్టి, ఆ టేపు మీదే నల్లరంగు కొట్టి వదిలేశారు. గొట్టం రంగులోనే ఉంది, గోరుతో గీకితే గానీ తెలియలేదు. టేపు పీకాను. నిన్న తెనాలి వెళ్లొచ్చాం, పోను రాను ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం ఎండలోనే.

ఇప్పుడు మళ్లీ అసలు ప్రశ్న. స్లోలో ఇంకా నిలవట్లేదు, స్పిండిలు పాతకాపు గారు చెప్పినట్టే టకటక ఆడుతోంది. మైలేజీ మొన్న 11 వచ్చింది. లాగుడులో కొంచెం మిస్సింగు ఉంది. ఇవైనా ఇంజెక్షన్‌తో పోతాయా?

ముస్టాంగ్_మావయ్య

పోతాయి, కానీ స్పిండిలుకి లక్షా ఇరవై పెట్టొద్దు తమ్ముడూ. మూత సంగతి తెలియకుండా ఇంజెక్షన్ పెట్టించి ఉంటే ఏమయ్యేదో తెలుసా, ఆ కరెంటు పంపుకి జాలి ఉండదు, గాలి రాకపోయినా లాగుతూనే ఉంటుంది, రేకు ట్యాంకు లోపలికి నొక్కుకుపోయిన కేసులున్నాయి. రోజూ ఆఫీసుకి ఈ కారే వాడతాను అన్నరోజు మళ్లీ అడగండి, అప్పుడు నేనే పెట్టించుకోమంటా. ఈలోపు ఆ డబ్బుతో ఆల్టర్నేటర్ వేయించి, బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించండి. నాలుగూ డ్రమ్ములే కదా మీకు.

ఆటోనగర్_పాతకాపు

లాగుడులో మిస్సింగుకి మరో కారణం ఉండొచ్చు. ఇప్పుడు ఏ బంకుకి వెళ్లినా వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ కావాలి. ఉత్త పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి అయితే దీనికి పదమూడున్నర దగ్గర. కార్బ్ మాత్రం 1984 లెక్కలోనే పోస్తుంది, అంటే మిశ్రమం పలచబడుతుంది. మెయిన్ జెట్టు మీద నంబరు చూడండి, 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు అని. దాన్ని 125 చేస్తే రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, మనకి కావాల్సింది ఇంచుమించు అంతే. ముందు స్పిండిలు బాగుచేసి, ఆ తర్వాతే జెట్టు. దొంగగాలి ఉండగా జెట్టు మారిస్తే ఏది దేనివల్లో తెలియదు. డ్రిల్లు పెట్టి జెట్టు పెద్దది చేస్తానన్నవాడి చేతికి కార్బ్ ఇవ్వకండి, జెట్టే మార్చాలి. పాత పంపులో డయాఫ్రమ్, గొట్టాలు కూడా ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరువి వేయించండి, పాతవి ఉబ్బి మెత్తబడతాయి. నలభై ఏళ్ల ట్యాంకులో అడుగున పేరుకున్నది కూడా ఊడొస్తుంది, ఫిల్టరు మొదటి నెలలో రెండుసార్లు మార్చండి.

ఇంకోటి, ఆ గరుకు కాగితం పాయింట్లు (ప్లగ్గులకి పోయే కరెంటుని కలిపి తెంపే చిన్న మొనలు) రుద్దడానికి మీ నాన్నగారు పెట్టుకున్నది. దాంతో రుద్దాక పొడి బట్టతో తుడవాలి, లేకపోతే గరుకు పొడి అక్కడే ఉండి మళ్లీ కాలుతుంది.

నాన్నగారి_పద్మిని

బుష్షు పని హైదరాబాద్‌లో ఎవరు చేస్తారో తెలియట్లేదండీ. రాణిగంజ్‌లో ఇద్దర్ని అడిగితే కొత్త కార్బ్ కొనుక్కోమన్నారు, చూపించిన కొత్తదాని స్పిండిలు కూడా ఆడుతోంది. ముంబైలో పద్మిని టాక్సీలు 2023లో పూర్తిగా ఆగిపోయాయి కదా, అక్కడి నుంచి పాత కార్బ్ తెప్పిస్తానని ఒకాయన అన్నాడు, అదింకా ఎంత అరిగి ఉంటుందో.

ఆటోనగర్_పాతకాపు

టాక్సీ కార్బ్ జోలికి పోకండి. మా వీధిలో లేతు ఉన్నాయన ఉన్నాడు, ఇత్తడి బుష్షు తిప్పి వేస్తాడు, ఒక పూట పని. కారు తేనక్కర్లేదు. కార్బ్ ఒక్కటే విప్పి సంచిలో వేసుకుని బస్సెక్కి రండి.

నాన్నగారి_పద్మిని

కారులోనే వస్తానండీ. ఇప్పుడు ఆగట్లేదుగా.